ఉట్టిలా వేలాడే పైకప్పు: హాంకాంగ్ స్టేట్ థియేటర్ ఎలా మిగిలింది

థియేటర్ పడగొడుతున్నారని నాకు వచ్చే ఫోన్లన్నీ ఇంచుమించు ఒకేలా మొదలవుతాయి. "మా నాన్నగారు పెళ్లయిన కొత్తలో అమ్మని తీసుకెళ్లింది ఇందులోకే సార్. ఊరంతా బాధపడుతోంది. వాట్సాప్ గ్రూపులో నాలుగొందల మంది ఉన్నాం. ఏమైనా చెయ్యొచ్చా?" నేను మూడు ప్రశ్నలు అడుగుతాను. ఏ ఏడాది కట్టారు? అసలు ప్లాను ఎవరి దగ్గరైనా ఉందా? స్థలం ఎవరి పేరు మీద ఉంది? "కనుక్కుని చెప్తాం సార్" అంటారు. సగంమంది మళ్లీ చెయ్యరు.

పాత భవనాల కొలతలు తీసి డ్రాయింగులు గీయడం, వాటి పరిస్థితి మీద రిపోర్టులు రాయడం నా పని. మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకి నేను మొదట చదివించే కేసు హైదరాబాదుదీ కాదు, విజయవాడదీ కాదు. హాంకాంగ్‌లోని స్టేట్ థియేటర్‌ది. అక్కడ కూడా అంతా మనలాగే జ్ఞాపకాలతోనే మొదలుపెట్టారు, కానీ అక్కడితో ఆగలేదు. పైగా ఆ కథలో గెలుపు సగమే. ఆ రెండో సగం గురించి మాట్లాడటానికి మా వృత్తిలో చాలామంది ఇష్టపడరు.

ముందు భవనం

హాంకాంగ్ ద్వీపం ఉత్తరపు ఒడ్డున నార్త్ పాయింట్ అనే పేట ఉంది. 1949 ముందూ వెనకా షాంఘై వదిలి వచ్చినవాళ్లు ఎక్కువగా అక్కడే స్థిరపడటంతో దాన్ని 'చిన్న షాంఘై' అనేవాళ్లు. ఆ పేటలో, డబుల్ డెక్కర్ ట్రాములు తిరిగే కింగ్స్ రోడ్డు మీద, 1952 డిసెంబరులో ఎంపైర్ థియేటర్ మొదలైంది. పెట్టినాయన హ్యారీ ఓడెల్. సినిమాలు తెచ్చి ఆడించడంతో పాటు విదేశీ సంగీత విద్వాంసులను రప్పించి కచేరీలు పెట్టించేవాడు. అప్పటికి హాంకాంగ్‌లో చెప్పుకోదగ్గ కచేరీ హాలు లేదు. సిటీ హాల్ వచ్చింది 1962లో. ఈలోగా ఆ లోటు తీర్చింది ఈ సినిమా హాలే. 1956లో బ్రిటిష్ స్వరకర్త బెంజమిన్ బ్రిటన్, గాయకుడు పీటర్ పియర్స్ తమ తూర్పు దేశాల యాత్రలో కచేరీ చేసింది ఇక్కడే. మన దగ్గర నాటకాల కోసం కట్టిన హాళ్లు సినిమా హాళ్లుగా మారాయి. అక్కడ సినిమా హాలే ఊరికి సంగీత సభ అయింది.

ఆ ముచ్చట ఎన్నాళ్లో సాగలేదు. హాలు చేతులు మారి 1959లో స్టేట్ థియేటర్ అన్న పేరుతో మళ్లీ తెరుచుకుంది. పక్కనే ఆనించి కింద దుకాణాలు, పైన ఇళ్లు ఉన్న పెద్ద బ్లాకు లేచింది. 1997లో ఆటలు ఆగిపోయాయి. హాలు స్నూకర్ ఆడే చోటైంది. ముందు గోడంతా సైన్‌బోర్డులు కమ్ముకున్నాయి.

ఆ గోడ మీద ఓ పెద్ద కుడ్యశిల్పం ఉంది. చైనా పురాతన కథల్లోని డొంగ్ జువో అనే సేనాని, అతన్ని తన అందంతో వలలో వేసుకున్న దియావొచాన్ అనే నర్తకి అందులో ఇతివృత్తం. చెక్కింది మేయ్ యూతియన్ అనే కళాకారుడు. ఈ సంగతి చాలా ఏళ్లు ఆ వీధిలో రోజూ నడిచేవాళ్లలో ఎక్కువమందికి పట్టలేదు. బోర్డుల వెనక అదొకటుందని చూసేదెవరు?

పైకప్పు

ఈ కేసు మొత్తం తిరిగేది దీని చుట్టూనే. అందుకని కాస్త నిదానంగా చెబుతాను.

సినిమా హాలు కట్టేవాడికి తలనొప్పి ఒకటే. మధ్యలో స్తంభం రాకూడదు. వస్తే వెనక కూర్చున్నవాడికి తెర బదులు స్తంభం కనిపిస్తుంది. మన ఊళ్లలో దీనికి మామూలుగా వాడే మందు ఇనుప ట్రస్సులు, అంటే త్రికోణాలుగా బిగించిన చట్రాలు. గోడ నుంచి గోడకి ట్రస్సులు వేసి, పైన రేకులు పరిచి, కింద ఫాల్స్ సీలింగ్ కొడతారు. ట్రస్సు లోపలే దాక్కుంటుంది. బయటి నుంచి చూస్తే హాలు ఓ పెద్ద గోడౌనే.

స్టేట్ థియేటర్‌కి ఆర్కిటెక్టులు దీన్ని తలకిందులు చేశారు. విల్లులా వంగిన కాంక్రీటు కమానులను కప్పుకి కింద కాకుండా, కప్పు మీద, ఆరుబయట నిలబెట్టారు. కప్పుని వాటికి వేలాడదీశారు. మా పిల్లలకి చెప్పేటప్పుడు నేను బోర్డు మీద బొమ్మ గీసేముందు ఒకటే మాటంటాను: దూలానికి ఉట్టి కట్టినట్టు. ఉట్టిలో కుండ బరువు తాళ్ల మీదుగా దూలానికి ఎక్కుతుంది. ఇక్కడ కప్పే కుండ, కమానే దూలం.

కమాను ఆకారం కూడా ఇష్టం వచ్చినట్టు గీసింది కాదు. దండేనికి రెండు కొసలూ కట్టి, అడ్డంగా కొలిస్తే సమాన దూరాల్లో ఉండేలా సమానమైన బరువులు వేలాడదీస్తే అది ఒక వంపు తిరుగుతుంది. లెక్కల్లో దాన్ని పరావలయం అంటారు. తాడు అంతటా లాగుడే, ఎక్కడా నొక్కుడు ఉండదు. ఆ వంపునే బోర్లిస్తే అంతటా నొక్కుడే, లాగుడు ఉండదు. కాంక్రీటుకి నొక్కుడంటే లెక్కలేదు, లాగితే మాత్రం చీలిపోతుంది. కాబట్టి సమంగా పరిచిన కప్పు బరువు మొయ్యాలంటే బోర్లించిన పరావలయం కంటే సుఖమైన దారి కాంక్రీటుకి లేదు. 1952 నాటికి ఈ లెక్క కొత్తదేం కాదు. ఓ పేటలోని సినిమా హాలుకి, నలుగురూ చూసేలా నెత్తిన పెట్టుకుని మరీ, ఆ లెక్కని వాడటమే అరుదు.

నేను అక్కడికి వెళ్లినప్పుడు ట్రామ్ పై అంతస్తులో, ముందు సీట్లో కూర్చున్నాను. కింద నుంచి చూస్తే సైన్‌బోర్డులు, ఏసీ పెట్టెలు, ఆరేసిన బట్టలు తప్ప ఏమీ కనిపించదు. కాస్త ఎత్తుకి వెళ్లి వెనక్కి తిరిగితే ఆ కమానులు ఒకదాని వెనక ఒకటి, ఏదో పెద్ద జంతువు పక్కటెముకల్లా లేస్తాయి. కాంక్రీటు మీద తేమ చారలు దిగి నల్లబడ్డాయి. నా పక్కనున్న పెద్దావిడ నేను మెడ తిప్పి చూస్తున్న వైపు చూసి, అక్కడేం లేదన్నట్టు మళ్లీ సంచీ సర్దుకుంది.

నుదుటి రాత, గ్రేడు రాత

2015 ప్రాంతంలో న్యూ వరల్డ్ డెవలప్‌మెంట్ అనే పెద్ద రియల్ ఎస్టేట్ సంస్థ ఆ భవన సముదాయంలోని యూనిట్లు ఒక్కొక్కటీ కొంటోందని తెలిసింది. కొనేది ఎందుకో ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. అప్పటికే హాంకాంగ్ వాళ్లు 1991లో లీ థియేటర్‌ని పోగొట్టుకున్నారు. 2006లో స్టార్ ఫెర్రీ రేవునీ, దాని గడియారపు గోపురాన్నీ పడగొడుతుంటే రోడ్డెక్కి అరిచి, ఆపలేకపోయారు. ఆ అనుభవాలు వృథా పోలేదనే నా అభిప్రాయం.

స్టేట్ థియేటర్ విషయంలో ముందుకొచ్చినవాళ్లు ఆర్కిటెక్టుల సంఘమో, పార్టీయో కాదు. ఊరు తిప్పి చూపించే ఓ చిన్న సంస్థ, పేరు వాక్ ఇన్ హాంకాంగ్. జనాన్ని వెంటబెట్టుకుని వీధుల్లో నడిపిస్తూ పాత కథలు చెప్పడం వాళ్ల పని. ఇది బలహీనత అనుకుంటాం, కానీ కాదు. కథ ఎక్కడ ఆగితే జనం వింటారో, ఎక్కడ ఫోన్ తీసి ఫొటో తీస్తారో వాళ్లకి రోజూ తెలుస్తుంది. స్టేట్ థియేటర్ ముందు జనం ఆగేది పైకప్పు చూసి.

అప్పుడు అసలు పరీక్ష వచ్చింది. హాంకాంగ్‌లో పాత భవనాలకి పురావస్తు సలహా మండలి మూడు గ్రేడులు ఇస్తుంది. మొదటి గ్రేడు అంటే విశిష్టమైనది, కాపాడటానికి వీలున్న ప్రయత్నమంతా చెయ్యాలి. రెండోదాన్ని ఎంపిక చేసి కొంత మేరకైనా కాపాడాలి. మూడోది అంటే ఏదో ఒక రూపంలో నిలిస్తే బాగుంటుంది, కుదరకపోతే వేరే దారి చూసుకోవచ్చు. ఆ 'వేరే దారి' అంటే ఏమిటో ఈ వృత్తిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. నాలుగు ఫొటోలు తీసి, ఒక ఫలకం పెట్టి, బుల్డోజర్ని పిలవడం. 2016లో నిపుణుల మదింపు స్టేట్ థియేటర్‌కి ప్రతిపాదించింది ఆ మూడో గ్రేడే.

ఇక్కడ మనమైతే ఏం చేస్తాం? ధర్నా చేస్తాం. మదింపు చేసినవాళ్లు అమ్ముడుపోయారంటాం. వాళ్లు చేసింది వేరు. ఆ మదింపు పత్రాన్నే చేతిలోకి తీసుకుని, దానికి పోటీగా తామే ఇంకో పత్రం తయారు చేశారు. పాత పేపర్లు, కచేరీల కరపత్రాలు వెతికి ఓడెల్ చరిత్ర తవ్వారు. సినిమా హాలుగా ఒక్కటే కాకుండా, సిటీ హాల్ రాకముందు నగరానికి సంగీత వేదికగా దాని పాత్ర ఏమిటో చూపించారు. పైకప్పు మీద దేశవిదేశాల నిర్మాణ నిపుణుల అభిప్రాయాలు తెప్పించారు. ఆధునిక కట్టడాల పరిరక్షణ కోసం 1988లో నెదర్లాండ్స్‌లో పుట్టిన డోకోమోమో అనే అంతర్జాతీయ సంస్థ ప్రమాదంలో ఉన్న వారసత్వం అంటూ హెచ్చరిక జారీ చేసింది. చెప్పేది పేటలోని ముసలివాళ్లే అయితే మండలి సభ్యులు సానుభూతిగా తలూపి ఊరుకోవచ్చు. ఇలాంటి కప్పు మరెక్కడుందో చూపించండని బయటి నిపుణులు అడిగితే, ఆ ప్రశ్న ఫైలులో చేరుతుంది. ఫైలులో చేరిన ప్రశ్నకి జవాబు రాయకుండా సంతకం పెట్టడం ఏ అధికారికైనా కష్టం.

2017 మార్చిలో పురావస్తు సలహా మండలి స్టేట్ థియేటర్‌కి మొదటి గ్రేడు ఖాయం చేసింది. మూడు నుంచి ఒకటికి, మధ్యలో రెండు మీద కాలు కూడా పెట్టకుండా.

నేను ఈ ఘట్టాన్ని మళ్లీ మళ్లీ చదివించేది ఒక కారణంతో. ఉద్యమం తన గొంతు పెంచలేదు, ప్రశ్న మార్చింది. "జనానికి ఈ హాలంటే ఇష్టం" అన్న వాదనకి "మల్టీప్లెక్సంటే కూడా ఇష్టమే" అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. "ఈ నిర్మాణ పద్ధతికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఎక్కడుంది?" అన్నదానికి అలాంటి జవాబు లేదు. లోపల సీట్లు పోయాయి, తెర పోయింది, స్నూకర్ బల్లలొచ్చాయి. ఇలా మారిపోయిన భవనాలకి ఎక్కడైనా మార్కులు తగ్గుతాయి. కప్పు మాత్రం ఎవరూ ముట్టుకోకుండా అలాగే ఉంది. విలువ ఎక్కడ చెదరకుండా మిగిలిందో అక్కడ వేలు పెట్టి చూపించారు.

కాగితపు కత్తి

అయితే గ్రేడుతో పని అయిపోయిందనుకుంటే పొరపాటు. హాంకాంగ్ చట్టంలో గ్రేడుకి పళ్లు లేవు. స్మారక చిహ్నంగా ప్రకటిస్తే తప్ప యజమాని పడగొట్టుకోవడాన్ని ఆపే అధికారం ప్రభుత్వానికి లేదు. హో తుంగ్ గార్డెన్స్ అనే బంగళాకి మొదటి గ్రేడే ఉండేది. యజమాని ఒప్పుకోలేదు, ప్రభుత్వంతో బేరం కుదరలేదు, 2013లో నేలమట్టమైంది. అంతకుముందు 2007లో కింగ్ యిన్ లే అనే మరో బంగళాని పడగొట్టడం మొదలుపెట్టాక ప్రభుత్వం ఉలిక్కిపడి, వేరే స్థలం మార్పిడి ఇచ్చి కాపాడుకుంది. ఒకే చట్టం, రెండు రకాల ముగింపులు.

మన దగ్గర ఇది కాస్త భిన్నంగా జరిగిన సందర్భం ఉంది. హైదరాబాదులో ఇర్రం మంజిల్ అనే పాత ప్యాలెస్‌ని పడగొట్టి అసెంబ్లీ కట్టాలని 2019 జూన్‌లో తెలంగాణ మంత్రివర్గం నిర్ణయిస్తే, అదే ఏడాది సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. అక్కడ నిలబెట్టింది పాత జోనింగ్ నిబంధనల్లోని 13వ నిబంధన కింద ఉన్న రక్షణ. అంటే వారసత్వ కట్టడాల జాబితాకి చట్టం తోడుంది. స్టేట్ థియేటర్‌కి ఆ అదృష్టం లేదు. అక్కడ కోర్టుకి వెళ్లినా గెలిపించే సెక్షన్ ఏదీ లేదు. అంచేత గ్రేడుని కాగితపు కత్తిలా వాడారు. తెగదు, కానీ పట్టుకుని నిలబడితే ఊరంతా చూస్తుంది. మొదటి గ్రేడు వచ్చిన భవనాన్ని పడగొట్టిన సంస్థ అన్న పేరు మోయడం ఏ డెవలపర్‌కైనా ఖరీదే.

ఈ లోపు కొనుగోళ్లు ఆగలేదు. హాంకాంగ్‌లో 1999 నుంచి అమల్లో ఉన్న ఒక చట్టం ప్రకారం, ఒక భవనంలో మెజారిటీ వాటా చేతికొస్తే మిగతావాళ్లని కూడా అమ్మక తప్పని పరిస్థితిలోకి తేవచ్చు. ల్యాండ్స్ ట్రిబ్యునల్ ఆదేశంతో మొత్తం భవనాన్ని వేలం వేస్తారు. మొదట్లో దీనికి 90 శాతం వాటా కావాలి. 2010లో యాభై ఏళ్లు దాటిన భవనాల వంటివాటికి 80 శాతం చాలన్నారు. పాత భవనమే తేలిగ్గా దొరుకుతుందన్నమాట. ఎంత ఎక్కువ కాలం నిలిస్తే అంత తొందరగా పోయేలా రాసిన చట్టం ఇది. 2020 అక్టోబరులో వేలం జరిగింది. న్యూ వరల్డ్ 477.6 కోట్ల హాంకాంగ్ డాలర్లకి మొత్తం సొంతం చేసుకుంది. థియేటర్‌ని నిలబెడతామని ప్రకటించింది. పునరుద్ధరణకి బ్రిటన్ నుంచి విల్కిన్‌సన్ ఐర్ ఆర్కిటెక్టులనీ, పరిరక్షణలో పేరున్న పర్సెల్ సంస్థనీ పెట్టుకుంది. పక్కనున్న బ్లాకు చోట నివాస టవర్లు తలపెట్టింది.

మిగలనిది

కమానులు మిగిలాయి. సంతోషమే. పక్క బ్లాకులో దశాబ్దాలుగా ఉన్న ఇళ్లు, కింది అంతస్తులో ఒకదాన్నొకటి ఒరుసుకుని నడిచిన చిన్న చిన్న దుకాణాలు మిగల్లేదు. నేను వెళ్లిన రోజు ఆ దుకాణాల మధ్య సందులో ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకి ఒరిగి నిలబడాలి. అలాంటి సందుల్లో అద్దె తక్కువ, అందుకే అక్కడ సన్నకారు వ్యాపారాలు బతుకుతాయి. కొత్త టవర్ల కింద అద్దెలు ఎలా ఉంటాయో ఊహించడానికి ఆర్థికశాస్త్రం అక్కర్లేదు.

దీనికి ఉద్యమకారులని తప్పుపట్టను. అయితే వాళ్లు ఎంచుకున్న వాదనలోనే ఈ ఫలితం ఉంది. పైకప్పు అపురూపం అని నిరూపిస్తే పైకప్పు మిగులుతుంది. కింద సందులో ఉన్నవాళ్ల బతుకు అపురూపం అని నిరూపించే ఫారం ఏ మండలి దగ్గరా లేదు. ఆ ఫారం లేదు కాబట్టి దాన్ని అడగకపోవడం తెలివైన వ్యూహమే. కానీ ఉద్యమం మొదలుపెట్టే రోజే ఏది వదులుకుంటున్నామో పైకి అనుకోవాలి, వదులుకోబోయేవాళ్లతో సహా. మా వాళ్లు ఈ మీటింగ్ పెట్టరు. పెట్టినా మినిట్స్ రాయరు.

మా ఓటమి

ఇంత మాట్లాడాక నా సంగతి చెప్పకపోతే న్యాయం కాదు. కొన్నేళ్ల కిందట గోదావరి జిల్లాలో ఒక టౌన్లో థియేటర్ పడగొడుతున్నారని కుర్రాళ్లు పిలిస్తే వెళ్లాను. బ్యానర్లు, సంతకాలు, లోకల్ ఛానెల్లో బైట్లు అన్నీ బాగానే నడిచాయి. నేనూ మైకు పట్టుకుని 'మన జ్ఞాపకాలు' అని రెండుసార్లు అన్నాను. కొలతలు తర్వాత తీద్దామనుకున్నాను. అదే తప్పు.

చివరికి యజమాని కొడుకు దయతలచి ఒక్క పూట లోపలికి రానిచ్చాడు. పాత ఆపరేటరు, డెబ్బై దాటిన మనిషి, తాళాలగుత్తి పట్టుకుని వచ్చాడు. నేల టికెట్ల వైపు బెంచీలు ఎప్పుడో పోయాయి, గచ్చు మీద వాటి కాళ్ల బెజ్జాలు వరసగా ఉన్నాయి. నేను టేపు కొస పట్టుకుంటే రెండో కొస ఆయన పట్టుకున్నాడు. గోడ నుంచి గోడకి కొలిచి, ఫాల్స్ సీలింగ్ ఊడినచోట టార్చి వేసి పైకి చూసి నిలబడిపోయాను. ఇనుప ట్రస్సులు లేవు. టేకు చెక్కతో, బోల్టులు బిగించి కట్టిన ట్రస్సులు. ఆ వెడల్పుకి చెక్క ట్రస్సులు నేను మా ప్రాంతంలో అంతకుముందు చూడలేదు.

"ఇది చెక్కని ఎవరూ చెప్పలేదేమండీ?" అన్నాను.

"మీరు అడిగితేగా మాస్టారూ," అన్నాడాయన. "మేం వానాకాలం ముందు ఏటా పైకెక్కి బోల్టులు బిగించేవాళ్లం. రేంచీ ఇంకా క్యాబిన్‌లోనే ఉంది, చూస్తారా?"

అది శుక్రవారం. ఆ రాత్రి కూర్చుని నాలుగు పేజీల నోట్ రాశాను. సోమవారం దాన్ని ఇవ్వడానికి ఆఫీసుకి వెళ్లేసరికి ఆదివారమే జేసీబీ దిగింది. టేకు విడిగా అమ్ముడుపోయిందని తర్వాత తెలిసింది. మంచి రేటే వచ్చిందట. మిగిలినవి నా దగ్గరున్న ఏడు డ్రాయింగు షీట్లు. అందులో రెండింట్లో కొలతలు పూర్తిగా లేవు.

మద్రాసులో తెలుగువాడు రఘుపతి వెంకయ్య కట్టిన గెయిటీ థియేటర్ ఇప్పుడు లేదు. దాని గురించి పండితులు వ్యాసాలు రాశారు, మంచివే. కానీ దాని పైకప్పు ఏమిటని మా పిల్లలు అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడెవరైనా థియేటర్ గురించి ఫోన్ చేస్తే పాత మూడు ప్రశ్నలకి ముందు ఇంకోటి అడుగుతున్నాను: కప్పు మీదికి ఎక్కడానికి మెట్లున్నాయా? మామూలుగా ఉంటాయి. తాళంచెవి ఎవరి దగ్గరుందో మాత్రం ఎవరికీ తెలియదు. పాత ఆపరేటరు బతికే ఉంటే ముందు ఆయన ఇంటికి వెళ్లమని చెబుతాను.